నాలుగు వేల గీత

పర్వతాలు సైకిల్ మోటరు మీద తెచ్చిండు,
గోనెసంచిల సుట్టి, పసిపిల్లను తెచ్చినట్టు.
ఈక్వలైజరు. పది గీతలు, పది మీటలు.
ఒక మీటకు టోపీ లేదు,
బాల్‌పెన్ను మూత కోసి తొడిగిండు.

మా ఇంట్ల సెట్టు ఒక్క జాతిది కాదు.
యాంపు పట్నంల పాత సామాన్ల కాడ కొన్నది,
టేపు డెక్కు టాకీసు మూసినప్పుడు పాటకొచ్చింది,
స్పీకరు డబ్బాలు నేనే చేసిన
మిల్లుల పగిలిన ఎలివేటరు చెక్కతోని.
ఇప్పుడు వీటి నడుమ ఇదొకటి,
అన్నదమ్ముల పంచాయితీల పెద్దమనిషి లెక్క.

"యాంపు ఎనక టేప్ మానిటర్ అని ఉన్నది సూడు,
అండ్లకెళ్లి బయటికి తీసి, దీంట్ల తిప్పి
మళ్ల అండ్లనే పోస్తం" అన్నడు.
ఎడమ కాలువ తూము తీర్గ సమజయింది నాకు.
ఎర్ర పిన్ను కుడికి, తెల్లది ఎడమకు.
మొదలు ఒకటే గుయ్యిమన్నది.
రెండు డబ్బాల ఇనుముకు కలిపి రాగితీగ సుట్టిండు,
సల్లబడ్డది.
"నీ చెవుకు ఎట్ల బాగుంటే అట్ల జరుపుకో"
అని చాయ తాగి పోయిండు.

నా చెవి సంగతి పర్వతాలుకు తెల్వదు.
మిర్యాలగూడ మిల్లుల ఇరవై ఆరేండ్లు
హల్లరు పక్కన, పాలిషరు పక్కన, బ్లోయరు కింద.
వడ్ల మీది పొట్టు తీసినట్టు
మాటల మీది సన్నపొర తీస్కపోయింది మిల్లు.
ముందుగాల "స" పోయింది. ఎనుకనే "శ".
సైదులూ అని పిలిస్తే
ఐదులూ అని ఇనొస్తది,
ఎవరో బస్తాలు లెక్కపెడుతున్నట్టు.

కింది మీటలు దించిన, దడదడ తగ్గింది.
నాలుగు వేలు అని రాసున్నది
సాగర్ గేటు ఎత్తినట్టు ఎత్తిన, కొస దాక.
ఈదమ్మ వంటింట్లకెళ్లి ఉరికొచ్చింది చెవులు మూసుకొని,
"సూదులు! సూదులు గుచ్చుతున్నయి, దించు!"
ఊదులు ఎందుకే ఇప్పుడు, అన్న నేను.
ఆమె గొంతుకు మీటలు లేవు గదా.

అప్పుడు ఆ క్యాసెట్టు పెట్టిన.
మిల్లుల బువ్వ యాళ్లకు లింగస్వామి పాడంగ పట్టింది.
హార్మోనియం అరువుది.
మోటరు ఆపలే, దాని మోత మీదనే పాడిండు.
ఇన్నేండ్లు దుమ్ముల మనిషిని సూసినట్టు ఇన్న ఆ పాట.
ఇయ్యాల మిల్లు దూరం జరిగింది,
బైపాసు రోడ్డు అవతలికి.
లింగస్వామి గోర్లు మెట్ల మీద తాకుడు గూడ ఇనొచ్చింది.

నడుమ పాట ఆగింది.
"సైదులూ, సప్పుడు మారింది సూడు."
మళ్లొకసారి.
మళ్ల.
పది అడుగుల దూరంల నేనే.
క్యాసెట్టుల నా దగ్గు గూడ ఉన్నది.
తిరగలే.

అదే పగటీలి బెల్టు తెగింది.
లింగస్వామి కుడిచేతి రెండు వేళ్లు.
పిలిచిననని ఎవ్వరికీ చెప్పలే ఆయన,
షావుకారుకు చెప్పలే, నాకు చెప్పలే.

ఇన్నవానే, అని అడిగిన ఈదమ్మను.
"ఏంది, ఆ పిలుసుడా?
అది మొదటికెళ్లి ఇనొస్తనే ఉన్నది.
నువ్వు ఇని ఊకున్నవనుకున్న."

పందొమ్మిదేండ్లు.
అట్ల అనుకొనే అన్నం పెట్టింది.

రాత్రి గోళ్ల రంగు సీస తీసి
మీటల పక్కన సుక్కలు పెట్టింది,
ఎర్రయి నావి, గులాబియి ఆమెవి.
కింది గీతల మీద రెండూ ఒక్కతాననే ఉన్నయి.
నాలుగు వేల కాడ మాత్రం
నడుమ బొటనవేలంత ఖాళీ.

తెల్లారి లింగస్వామికి ఫోను జేయాలె.
హలో అంటడు.
ఆ మాటల "స" లేదు, ఇనొస్తది నాకు.
దాని తర్వాతి మాటకే
ఏం జేయాల్నో.